క్లచ్ లేని బండి

"ఈ ఎడమవైపు వెనక తలుపుకి రెండోసారి రంగు వేశారు సార్," అందామె, రంగు మందం కొలిచే చిన్న మీటరు తలుపుకి ఆనించి.

పెద్దాయన నవ్వాడు. "ఆ మీటరేదో సరిచూసుకో తల్లీ. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపినవాణ్ణి. నా బండికి గీత కూడా పడలేదు."

"మీ చేతిలో పడలేదేమో సార్. తలుపుకి మాత్రం పడింది."

షోరూమ్ వెనక ఆవరణలో నిలబడ్డ ఆ లేతనీలం చిన్నకారుకు పద్నాలుగేళ్ళు. దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుందామని ముగ్గురు వచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన భార్య, కొడుకు. పాత బండి ఎంత చేస్తుందో తేల్చే పని ఆమెది. బూడిదరంగు చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, చెవి వెనక పెన్సిలు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, దాని జాతకమంతా చెప్పేసేలా ఉంది.

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వేనా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ రోడ్డు మీద పోయేవాళ్ళను లెక్కపెడుతున్నట్టు అటే చూస్తోంది.

"నేనే నాన్నా. ఆరేళ్ళయింది. గేటు స్తంభానికి తగిలింది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోగా బాగుచేయించేశాను."

పెద్దాయన వేలితో ఆ తలుపు తడిమాడు. తల్లి చెయ్యి మెల్లగా కొడుకు భుజం మీద పడింది. మీటరమ్మాయి అది చూసింది. చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది.

"మా ఇంట్లో గొడవ పెట్టడం కూడా మీ డ్యూటీయేనా అండీ?" అన్నాడతను, తండ్రికి వినపడకుండా.

"కాదండీ. అది ఫ్రీ సర్వీసు," అందామె తల ఎత్తకుండానే.

అతనికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే ముందొచ్చింది.

బండి మార్చడానికి అసలు కారణం పెద్దాయన ఎడమ మోకాలు. ముప్పై ఏళ్ళు బస్సు క్లచ్ తొక్కి తొక్కి అది అరిగిపోయింది. ఇక తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎక్కడానికీ దిగడానికీ వీలుగా కాస్త ఎత్తుండే చిన్న ఎస్‌యూవీ, అదీ ఆటోమేటిక్ తీసుకుందామని కొడుకు తేల్చాడు. పెద్దాయనకు ఆ మాటే గిట్టలేదు.

"గేరు వెయ్యక్కర్లేకపోతే ఇక నడిపేదేంట్రా? కూర్చుంటే అదే తీసుకెళ్తుందంటే నేను డ్రైవర్నా, ప్యాసింజర్నా?"

టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి వాళ్ళను నేరుగా టాప్ మోడల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తెరుచుకునే పైకప్పు, చల్లబడే సీట్లు, ఇంతింత చక్రాలు. అతను చెబుతున్నంతసేపూ పెద్దాయన మోకాలు రుద్దుకుంటూ నిలబడ్డాడు. పాత బండి కాగితం ఇవ్వడానికి వచ్చిన మీటరమ్మాయి అక్కడ ఆగిపోయింది.

"సార్, ఒక్కసారి ఎక్కి దిగండి."

ఆయన ఎక్కి దిగాడు.

"మళ్ళీ ఎక్కండి. ఈసారి తలుపు పట్టుకోకుండా."

ఇలా మూడు బళ్ళు, ఒక్కోదానికి అయిదుసార్లు. ఆమె జేబులోంచి టేపు తీసి సీటు ఎత్తు కొలిచింది. ఆయన ముందు వంగి, మొహమాటం లేకుండా నేల నుంచి మోకాలి దాకా కొలిచింది.

"టాప్ మోడల్ మీకు అవసరం లేదు సార్. ఆ పెద్ద చక్రాలకి టైరు పలచగా ఉంటుంది, గుంతలో పడితే కుదుపు నేరుగా మోకాలికే. మధ్య మోడల్ చాలు. ఇంజిను అదే, గేర్‌బాక్సూ అదే."

సేల్స్ అబ్బాయి దగ్గాడు. ఆమె వినిపించుకోలేదు.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కొడుక్కి కొలతలంటే తెలుసు. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అద్దం ఎలా తలనొప్పి తెస్తుందో తెలుసు. తనకు పైసా లాభం లేని పనిని అంత శ్రద్ధగా చేసే మనిషిని మాత్రం చూసి చాలాకాలమైంది. అతను ఆ టేపు వంకే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి టేపు వంక కాదని అర్థమైంది.

"గేర్లు లేవని కదా సార్ మీ బాధ?" అంటోందామె. "ఉన్నాయి. ఆ పక్క బండిలో గేరు మారినప్పుడల్లా కొత్త డ్రైవర్లా కుదుపుతుంది. ఇది మీలా మారుస్తుంది. నడిపి మీరే చెప్పండి."

పెద్దాయన నడిపాడు. వంతెన ఎక్కే దారి సగంలో కావాలనే ఆపి, బ్రేకు మీంచి కాలు తీశాడు. బండి వెనక్కి జారలేదు.

"కాసేపు తనే పట్టుకుంటుంది సార్," అంది వెనక సీట్లోంచి ఆమె.

"నిండా జనం ఉన్న బస్సుని ఇలాంటిచోట నా కాలే పట్టుకునేదమ్మా," అన్నాడాయన. ఆవరణకు తిరిగొచ్చేసరికి మొహంలో మొండితనం తగ్గింది.

దిగాక ఆమె తల్లి వైపు తిరిగింది. "మేడమ్, మీరు?"

"నాకు రాదమ్మా."

"ఇందులో ఎడమ కాలికి పనే లేదు. ఆవరణంతా ఖాళీ. నేను పక్కన కూర్చుంటాను."

ఆవిడ భర్తను చూసింది, కొడుకును చూసింది, ఎవరినీ అడక్కుండా ఎక్కేసింది. మొదటి చుట్టు తాబేలులా వెళ్ళింది. రెండో చుట్టులో భుజాలు వదులయ్యాయి. మూడోసారి మీటరమ్మాయి తిప్పమనకుండానే తిప్పింది. దిగివచ్చి భర్త ముందు నిలబడింది.

"ఏమండీ, ఆ తలుపు గుద్దింది వాడు కాదు. నేను. మీరు డ్యూటీకి వెళ్ళాక నేర్చుకుందామని తీశాను."

"తెలుసు," అన్నాడు పెద్దాయన. "ఆ రోజు తలుపు కొత్త రంగు వాసనేసింది, సీటు ముందుకి జరిగుంది. వాడు నాకంటే పొడుగు, వాడెందుకు జరుపుతాడు? నువ్వే చెబుతావని ఆరేళ్ళు చూశాను." కాస్త ఆగాడు. "నేర్పమని నువ్వడిగితే నీకు రాదులే అన్నాను. చెప్పకపోవడం నీ తప్పు కాదులే."

మీటరమ్మాయి అటు తిరిగి లేని పని కల్పించుకుంది. అతను ఆమె పక్కకి వెళ్ళాడు.

"మా అమ్మేనని మీకు ముందే తెలుసు కదా?"

"మీరు 'నేనే' అన్నప్పుడు ఆవిడ చెయ్యి చూశాను. మీరు అబద్ధం బాగా ఆడలేరండీ."

"అది మంచిదా, చెడ్డదా?"

"బళ్ళ సంగతైతే చెప్పేదాన్ని," అంది. ఈసారి తల ఎత్తి నవ్వింది.

ఆ మర్నాడు అతను పాత బండి రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చి చూపించి వెళ్ళాడు. ఆ మరుసటిరోజు ఇన్సూరెన్స్ కాగితం. ఆపైరోజు సర్వీసు పుస్తకం.

"అన్నీ ఒకేసారి తేవచ్చు కదండీ?" అందామె.

"పోతాయేమోనని."

"ఒక్కొక్కటీ తెస్తే పోవా?"

"జాగ్రత్తగా తేవచ్చు."

ఆమె కాగితం కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకుని చదవడం అతను గమనించాడు. బతిమాలి తన కళ్ళజోళ్ళ షాపుకు రప్పించాడు. కళ్ళు పరీక్షించే యంత్రంలో గడ్డం ఆనించే చోట ఆమె గడ్డం, దీపానికి ఆ పక్క ఆమె కళ్ళు, ఈ పక్క అతను.

"ఎర్ర చుక్క చూడండి."

"చూస్తున్నా."

"నన్ను కాదండీ. చుక్కని."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను ఆ రోజు రాసిన కొలత మళ్ళీ రెండుసార్లు సరిచూసుకోవాల్సి వచ్చింది.

అంతా బాగానే ఉండేది, అతను ఊరుకుని ఉంటే. బండి బుక్ చేసిన రోజు షోరూమ్‌వాళ్ళు అభిప్రాయం రాయమని ఒక ఫారమ్ ఇచ్చారు. మిమ్మల్ని మెప్పించిన ఉద్యోగి ఎవరని అందులో ఉంది. అతను గీతలు దాటి, వెనక పేజీ కూడా నింపాడు. టాప్ మోడల్ వద్దని చెప్పిన నిజాయితీ గురించి ప్రత్యేకంగా రాశాడు.

రెండు రోజుల తర్వాత రెండో తాళంచెవి పట్టుకుని వెళ్తే ఆమె లేదు.

"ఊరవతల స్టాక్ యార్డుకి పంపించారు," అన్నాడు సేల్స్ అబ్బాయి. "మీ ఫారమ్ మేనేజరుగారు రెండుసార్లు చదివారు సార్."

యార్డుకు చేరేసరికి వాన కుమ్మరిస్తోంది. ప్లాస్టిక్ కప్పుకున్న కొత్త బళ్ళు వరసలు కట్టి తడుస్తున్నాయి. ఆమె గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒక్కో బండి నంబరూ రాసుకుంటోంది. కొత్త కళ్ళజోడు నిండా చినుకులు.

"నా వల్లే," అన్నాడతను.

"మీ వల్లే. మెచ్చుకునేముందు ఎవరు చదువుతారో చూసుకోవాలండీ."

"బుకింగ్ రద్దు చేసుకుంటాను."

"చేసుకుని? మీ నాన్నగారి మోకాలు నా కోసం ఆగుతుందా?" ఆమె గొంతు తగ్గింది. "అయిదేళ్ళు పట్టింది నాకు ఆ టేపు పట్టుకుని కస్టమర్ ముందు నిలబడే ధైర్యం రావడానికి. మీరు మంచి మనసుతోనే రాశారు. కోపం తగ్గాక ఒప్పుకుంటాను. ఇవాళ వెళ్ళండి."

ఆమె జేబు రుమాలు తడిసి ఉంది. అతను కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఆమె చేతిలో పెట్టి, వానలోనే వెనక్కి నడిచాడు.

ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెద్దాయన విని, ఫోను తీశాడు.

సోమవారం పొద్దున షోరూమ్ తలుపు తెరుచుకుంది. పెద్దాయన ముందు, ఆయన వెనక నలుగురు రిటైరైన బస్సు డ్రైవర్లు. అయిదుగురూ ఒకేవైపు కుంటుతున్నారు. మేనేజరు ఎదురొచ్చాడు.

"రండి సార్, మా టాప్ మోడల్ చూపిస్తాను."

"అది తర్వాత," అన్నాడు వెనక వచ్చిన నలుగురిలో ఒకాయన. "మోకాళ్ళు కొలిచే అమ్మాయేది? ఆ అమ్మాయి ఉంటేనే చూస్తాం. లేకపోతే ఎక్కడుంటే అక్కడికే పోతాం."

మేనేజరు తలలు లెక్కపెట్టుకున్నాడు. కారు పంపమంటావా అని ఆమెకు స్వయంగా ఫోను చేశాడు.

"వస్తాను సార్," అందట ఆమె. "వద్దనాల్సిన చోట వద్దనే చెబుతాను. దానికి మళ్ళీ ఇక్కడికే పంపేటట్టయితే ఇక్కడే ఉంటాను. గాలి బాగుంది."

ఆ రోజు కొత్తగా వచ్చిన నలుగురిలో ముగ్గురు బండి బుక్ చేశారు. నాలుగో ఆయనకు, మీ పాత బండి ఇంకో రెండేళ్ళు నడుస్తుంది, మోకాలికి ముందు వైద్యం చేయించుకోండని చెప్పి పంపేసింది. మేనేజరు పక్కనే ఉండి విన్నాడు. ఆయన్ని తనే తలుపు దాకా సాగనంపాడు.

కొత్త బండి వచ్చాకే పాతది ఇచ్చెయ్యాలి; అది రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ పెద్దాయన పాత బండిలో పక్కన కూర్చుని భార్యకు క్లచ్ నేర్పాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. రెండో ప్రయత్నంలో ఆవిడకు లైసెన్సు వచ్చింది.

బండి ఇచ్చేరోజు తాళంచెవి ఆవిడే అందుకుంది. భర్తను పక్కన కూర్చోబెట్టుకుని కొడుకుతో అంది: "నువ్వుంటే నాకు కంగారురా. ఒక చుట్టు తిరిగొస్తాం, ఇక్కడే ఉండు."

ఆవరణలో అతనూ మీటరమ్మాయీ మిగిలారు. అతను చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఇవాళ ఏ కాగితం తెచ్చారు?" అందామె.

"ఏమీ లేవు. అయిపోయాయి." ఊపిరి పీల్చుకున్నాడు. "అందుకే అడుగుతున్నాను. కాగితం లేకుండా రావచ్చా?"

ఆమె కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. అతన్ని నిదానంగా చూసింది.

"నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తుంటాను. ఇంట్లో కూడా అంతే. మా అక్క ఇప్పటికీ గోల పెడుతుంది. భరించడం కష్టం."

"నాకు నచ్చిందే అది. మొదటిరోజు మా నాన్న ముందు మీరు నిలబడ్డ తీరు నాకింకా కళ్ళలోనే ఉంది. మీరు మాట్లాడుతుంటే నాకూ నిజమే చెప్పాలనిపిస్తుంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో తిప్పింది.

"ఆ వానలో వెళ్ళమంటే వెళ్ళారు చూడండి," అంది చివరికి. "ఇంకొకరైతే నిలబడి వాదించేవాళ్ళు. ఆ రాత్రే కోపం పోయింది. చెప్పడానికే ఇన్ని రోజులు పట్టింది." పెన్సిలు ఆగింది. "నాకూ ఇష్టమే."

కొత్త బండి గేట్లోంచి మెత్తగా వచ్చి వాళ్ళ ముందు ఆగింది. పెద్దాయన తలుపు పట్టుకోకుండానే దిగాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. ముప్పై ఏళ్ళు అద్దంలో ప్రయాణికుల మొహాలు చూసినవాడికి వేరే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వెనక తలుపు తెరిచి ఆమెను పిలిచాడు.

"ఎక్కమ్మా. నువ్వు మీ అక్కగారింట్లో ఉంటావని మావాడు చెప్పాడు. ఆ ఇల్లెటో దారి చెప్పు, వెళ్ళి మాట్లాడి వద్దాం. మెల్లగానే నడుపుతుందిలే మీ అత్తయ్య."

ఆ పిలుపు విని ఆమె ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత తల వంచి బండెక్కింది.

"ముందు కుడివైపు తిప్పాలి అత్తయ్యా," అంది.