పొలంక పిట్టలు దిగని రోజు

"నీళ్ళు పట్టుకుని వెంటనే వచ్చేయండి. తొట్టి దగ్గర ఆటలొద్దు!" హిస్కియా మామ గుడిసె పైకప్పు మీది నుంచి కేకేశాడు.

మాగ్రీటాకి ఆ మాటలో మొదటి సగమే చెవికెక్కింది.

చుట్టూ ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి. ఎండ ఇంకా ముదరలేదు గాని, దూరపు కొండలు అప్పుడే నేలని వదిలేసి ఎండమావిలో తేలుతున్నాయి. చూస్తుంటే కళ్ళు తెరుచుకునే కల కంటున్నట్టుంది.

ఆ ఎడారి ముక్క ఒక ప్రైవేటు రక్షిత ప్రాంతం. అక్కడి లాడ్జీలో దిగిన పర్యాటకులు కాలిబాటల్లో నడిచి, ఇలాంటి గుడిసెల్లో రాత్రి పడుకుంటారు. ఆ బాటల్నీ గుడిసెల్నీ చూసుకునేది హిస్కియా మామే. స్కూలు సెలవులని మేనకోడలు మాగ్రీటానీ, ఆమె అన్న గిడియన్‌నీ వాళ్ళ ఊరు మారియెంటాల్ నుంచి తీసుకొచ్చాడు.

గుడిసెకి ఎదురుగా కుళాయి, దాని కింద జంతువుల కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉన్నాయి. గిడియన్ క్యాను నింపాడు.

"పదవే."

"కాళ్ళు కాలిపోతున్నాయన్నా. ఒక్క నిమిషం."

మాగ్రీటా తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టింది. అబ్బ, ఎంత హాయి!

ముందు ఆకాశంలో సన్నని పిలుపులు వినిపించాయి. తర్వాత పిట్టలొచ్చాయి. పావురమంత ఉండే ఇసుకరంగు పొలంక పిట్టలు. తొట్టి మీద గుండ్రంగా తిరిగాయి. కిందికి వచ్చాయి, మళ్ళీ పైకి లేచాయి.

"నా దగ్గరికే వస్తున్నాయి!" మాగ్రీటా ఒళ్ళో దింపుకుందామన్నట్టు చేతులు చాపింది. కాళ్ళు మాత్రం తియ్యలేదు.

పిట్టలు తిరిగి తిరిగి, చివరికి పిలుచుకుంటూ వెళ్ళిపోయాయి.

"నీ మొహం నచ్చలేదు వాటికి," అన్నాడు గిడియన్.

"నీది చూసే పారిపోయుంటాయి!"

ఇద్దరూ నవ్వుకుంటూ గుడిసెకి వచ్చారు.

తర్వాత మామతో కలిసి బాట వెంట బయల్దేరారు. గాలికి పడిపోయిన దారి గుర్తుల్ని మామ నిలబెడుతున్నాడు. మైదానంలో కాస్త దూరం వెళ్ళాక మాగ్రీటా ఆగిపోయింది. రెండు గులకరాళ్ళు కదిలాయి!

రాళ్ళు కావు. పిట్టపిల్లలు. పక్కనే తల్లి పొలంక. అంతలో మగపిట్ట వచ్చి వాలింది. పిల్లలు రెండూ దాని పొట్ట కిందికి దూరాయి. ఈకల్ని ముక్కుతో లాగాయి. బయటికొచ్చి కీచుమన్నాయి. మళ్ళీ దూరాయి.

"ఏం చేస్తున్నాయి మామా?" గుసగుసగా అడిగింది.

"నీళ్ళ కోసమమ్మా. పిల్లలింకా ఎగరలేవు కదా. రోజూ పొద్దున్నే నాన్న తొట్టిలో దిగి పొట్ట ఈకలు తడుపుకొస్తాడు. అవి ఆ తడి పీల్చుకుంటాయి." మామ బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకున్నాడు. "ఇదేంటి, ఈకలు పొడిగా ఉన్నాయే! తొట్టి నిండుగానే ఉందిగా?"

గిడియన్ మాగ్రీటా వైపు చూశాడు.

"మామా... తొట్టిలో కాళ్ళు పెట్టుకుని నేను కూర్చున్నా. అవి వెళ్ళిపోయేదాకా."

ఆమె గబగబా బాటిల్ మూత తిప్పింది. "ఇవి పోసొస్తా!"

మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "దగ్గరికెళితే తల్లి ఎగిరిపోతుంది. ఇంత ఎండలో పిల్లలకి ఆ రెక్క నీడే దిక్కు."

"మరి ఎప్పుడు తాగుతాయి?"

"రేపు పొద్దున."

"అందాకా ఉంటాయా?"

"తెలీదమ్మా."

ముగ్గురూ దూరంగా చుట్టు తిరిగి వెళ్ళారు. ఆ సాయంత్రం మాగ్రీటా వేయించిన రొట్టె ముట్టుకోలేదు. గిడియన్ కూడా ఆటపట్టించలేదు.

మర్నాడు గిడియన్ ఖాళీ క్యాను పట్టుకుని గుమ్మం దాటుతుంటే మాగ్రీటా అడ్డం నిలబడింది.

"ఇప్పుడు కాదన్నా. అవి వచ్చి వెళ్ళాక."

"నాకు దాహమేస్తోందే!"

ఆమె తన బాటిల్ అందించింది. అడుగున మిగిలినవి నాలుగు గుక్కలు. "నా నీళ్ళు నువ్వు తాగు."

ముగ్గురూ గుడిసె వెనక మిట్టమీద, ఒక బండ చాటున కూర్చున్నారు. ఎండెక్కింది. మాగ్రీటా నాలుక అట్టలా ఎండిపోయింది. కుళాయి నుంచి ఒక్కో బొట్టూ రాలుతోంది. ఆమె అటు చూడటం మానేసింది.

ఆకాశంలోంచి పిలుపులు వచ్చాయి.

పిట్టలు తిరిగాయి. దిగాయి! గబగబా తాగి ఎగిరిపోయాయి. ఒక మగపిట్ట మాత్రం నీళ్ళలోకి దిగి కూర్చుని, ఒళ్ళు అటూ ఇటూ ఊపసాగింది. ఎంతసేపో! మాగ్రీటా ముక్కు మీద ఈగ వాలింది. ఆమె కదల్లేదు.

పిట్ట బరువుగా లేచి మైదానం మీదుగా వెళ్ళింది. మామ బైనాక్యులర్ దాని వెంటే తిప్పి, ఆమెకి అందించాడు.

"నువ్వే చూడు."

మగపిట్ట నిటారుగా నిలబడి ఉంది. దాని పొట్ట కింద చిన్న తలలు. ఒకటి. ఇంకొకటి కూడా! మాగ్రీటా కళ్ళు నిండి, అద్దాల్లో అంతా అలుక్కుపోయింది.

"హమ్మయ్య! ఇక నువ్వూ తాగుదువుగాని, పద," అంటూ గిడియన్ క్యాను తీసుకుని లేచాడు.

మాగ్రీటా అతని చొక్కా పట్టి లాగింది.

"కూర్చో అన్నా. పైన ఇంకొకటి తిరుగుతోంది."