వెంటిలేటర్ మూసిన గది

నమ్మేవాళ్ళు ఓ దణ్ణం పెట్టుకుని వినండి, నమ్మనివాళ్ళు ఊరికే వినండి.

దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్ళో, నార్త్‌డేల్ వాలున, కోగీ వాళ్ళ ఇల్లు. అందరిళ్ళలాంటిదే. వాకిట్లో తులసి, గేటు దగ్గర కుక్క.

వెనక గదిలో కోగీ అత్తగారు పోయింది. నక్షత్రం మంచిది కాదు, గది మూసెయ్యమన్నాడు పూజారి. గడువు తీరాక తాళం తీస్తే గోడలన్నీ చెమ్మ, మూలల్లో నల్లబూజు. కోగీకి రెండో కానుపు దగ్గర పడుతోంది. ఆ గది పెద్దపిల్ల యువికకి ఇచ్చేద్దామని మొగుడు బేసిల్ పట్టుబట్టాడు. ఏడేళ్ళ పిల్ల, అసలే ఆయాసం. కోగీకి మనసొప్పలేదు.

"ముందు తడి సంగతి తేలనీ" అని, గుడిలో పరిచయమైన గిరిధరరావుని పిలిచింది. ఇక్కడ తెల్లవాళ్ళ ప్రభుత్వం పోయి కొత్తది వచ్చాక, బెజవాడ నుంచి వచ్చిన ఇంజనీరాయన.

ఆయన కప్పు చూశాడు, పైపులు చూశాడు. చివరికి రొట్టెలు చుట్టే వెండికాగితం ముక్క ఒకటి గోడకి పెట్టి, చుట్టూ టేపు వేశాడు.

"కాగితం వెనక తడిస్తే అది గోడలో నీళ్ళమ్మా. ముందు తడిస్తే గదిలో గాలిది. మనుషుల ఊపిరి."

గదికి తాళం వేసి, తాళంచెవి కోగీకిచ్చాడు.

మర్నాడు సాయంత్రం తలుపు తీశారు. కాగితం మీద బొట్లు బొట్లుగా నీళ్ళు. ఊడదీసి చూస్తే వెనక... పొడి.

"ఇక్కడెవరు పడుకుంటున్నారు?"

"ఎవరూ లేరు సార్. తాళంచెవి నా మెళ్ళోనే ఉంది."

ఆయన తలెత్తాడు. "వెంటిలేటర్లో సిమెంటు ఎవరు కూరారు?"

"చలిగాలి సార్. అమ్మకి పడదని," అన్నాడు బేసిల్.

కోగీ నేలచూపులు చూసింది. చలీ కాదు, గిలీ కాదు. ఆ రోజు బేసిల్ బాసు భోజనానికొస్తున్నాడు, ముసలిదాని దగ్గు వినపడితే పరువు పోతుందని. బాసు వచ్చాక, మూసిన తలుపు వెనకనుంచి "బేసిలూ, గాలి రా... గాలి..." అని గొణిగింది అత్తమ్మ. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ బాసుకి కూర వడ్డించారు.

"పగలగొట్టు," అన్నాడు గిరిధరరావు.

బేసిల్ బయటినుంచి స్టూలెక్కి ఉలి పెట్టాడు. పెళ్ళ ఊడింది. వెచ్చటి గాలి మొహాన కొట్టింది. అత్తమ్మ ఛాతీకి రాసుకునే యూకలిప్టస్ నూనె వాసన... దాని వెనక ముసలివాసన. ఆగింది. గది మళ్ళీ గాలి లోపలికి పీల్చుకుంది. చాలాసేపు... చాలాసేపు...

"సార్, ఇదేంటి?" అన్నాడు బేసిల్.

"లోపలా బయటా వేడి తేడా. అంతే," అన్నాడాయన. ఆయన పెదాలు మాత్రం రామనామం జపిస్తూనే ఉన్నాయి.

గది ఆరింది. బూజు గీకి సున్నం వేశారు. యువిక అందులోనే పడుకుంది. ఆయాసం ఎటు పోయిందో! కోగీ గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, చేసిన పాపం తీరిందనుకుంది.

జూన్ వచ్చింది. అక్కడ అది చలికాలం. పొద్దున్నే స్కూలు బస్సుకోసం నిలబడి, యువిక నోటితో పొగలు వదులుతోంది.

"ఏయ్, సిగరెట్టు ఎప్పట్నుంచే?" నవ్వాడు బేసిల్.

పిల్ల కిలకిలా నవ్వి నోరు గట్టిగా మూసుకుంది.

ఆ పక్కన, ఎవరూ లేనిచోట... ఇంకో ఆవిరి. సన్నగా... ఆగి ఆగి...

చంకలో పసివాడితోనే కోగీ యువికని ఇటు లాక్కుంది.

ఆవిరి కూడా ఇటు జరిగింది.