ఆపరేషన్ గలిజేరు

కొత్తవాడలో ఒంటినొప్పుల గోళీలు ఉత్తగనే పంచుతున్నారనీ, మింగిన నేతగాళ్ల ముఖాలు ఉబ్బిపోతున్నాయనీ ఆ వాడలోనే ఉండే రాజక్క ఎవరితోనో అన్నదట. ఆ మాట నోళ్లు మారి, 1985 మే నెలలో, సుబేదారిలోని ఒక రహస్య ఆఫీసు టేబుల్ మీద ఫైలయి కూర్చుంది.

"ఫారిన్ ముఠా," అన్నాడు చీఫ్. "ముందు గోళీలతో కిడ్నీలు చెడగొడతారు. తర్వాత కిడ్నీలకు మన పల్లెల్లో వాడే గలిజేరు వేరు సారాన్ని, కంటికి కనబడని నానో నలుసుల్లో నింపి, ఆ చెడిన కిడ్నీల మీదే టెస్ట్ చేస్తారు. పన్నెండు సీసాలు ఇవాళ రైలెక్కుతున్నాయి. లోపల మన మనిషి డాక్టర్ రీటా. ముఠా టెస్టులు రాసుకున్న ఈ నోట్‌బుక్ కాపీ ఆమె పంపిందే."

ఏజెంట్ కొమురెల్లి చివరి పేజీ తీశాడు. పదకొండు మందికి మందెక్కించారు, కోలుకున్నారు. పన్నెండోవాడు సాంబయ్యకు మాత్రం కావాలనే ఎక్కించలేదు. పోల్చి చూసుకోవడానికి ఒకడు చెడిపోవాలట.

స్టేషన్‌లో కొమురెల్లి జంపఖానాలు అమ్మేవాడి వేషంలో దిగాడు. ఎదురుగా బెంచీ మీద ఒకామె: నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, పక్కన చుట్టిన జంపఖానా. రీటా.

"వాన కురిసేటట్టున్నది," అన్నాడు.

"గొడుగు తెచ్చుకోలేదు," అంది కోడ్ ప్రకారం. "సరుకు ఇంజను పక్క బోగీలో ఉంది. పరుగెత్తు."

రెండడుగులు వేసి ఆగాడు. కొత్తవాడలో పుట్టినవాడెవడూ జంపఖానాను పూలు బయటికి వచ్చేలా చుట్టడు, దుమ్ము పడుతుందని. రీటా పక్కనున్నదాని పూలు బయటికే ఉన్నాయి. దీన్ని ఎవరో విప్పి మళ్లీ చుట్టారు.

రైలు కూత వేసింది. రీటా లిప్‌స్టిక్ పిస్టల్ తీసింది. కొమురెల్లి భుజం మీది జంపఖానాలన్నీ ఆమె మీద కుమ్మరించాడు. గుండు బట్టలో ఇరుక్కుంది. రైలు పోయింది. ఆమె జంపఖానా చుట్ట విప్పితే లోపల పన్నెండు సీసాలూ ఉన్నాయి.

"ఎవల పక్కవు అక్కా నువ్వు?"

"గెలిచేవాళ్ల పక్క."

ఛీ, అని ఉమ్మి, ఆమెను పోలీసులకు అప్పజెప్పి, సీసాలతో దవాఖానకు ఉరికాడు. సాంబయ్య మంచం దగ్గర చీఫ్ ముందే వచ్చి సీలు వేయడానికి లక్క కరిగిస్తున్నాడు.

"గుడ్ వర్క్. ఇటివ్వు. ఎవిడెన్స్. ఢిల్లీ పోవాలి."

"ఒక్క సీస ఈయనకు, సార్."

"రూల్ లేదు."

పన్నెండు మూతుల మీదా ముద్ర పడింది. మంచం కాళ్ల దగ్గర సాంబయ్య భార్య యాకమ్మ కూర్చుని ఉంది. కొమురెల్లి ఆమె ముఖం చూడలేకపోయాడు.

"ముఠా మనిషి దొరికింది, వదినె. మన మందు మన దేశంలనే ఉంటది."

ఆమె భర్త ఉబ్బిన పాదాన్ని వేలితో నొక్కింది. గుంట పడి, అట్లాగే ఉండిపోయింది.

"ఉంటే ఈయనకేం ఒరిగె? ఉచ్చ బందయి మూడు దినాలాయె. గా లక్క తాపుతరా?"