కార్వాన్ యార్డులో ఐదో టైరు

ఉదయం తొమ్మిదింటికి బ్రీఫింగ్ మొదలైంది. తొమ్మిదీ రెండు నిమిషాలకల్లా ఏజెంట్ కృపాకర్‌కు కడుపు మండడం మొదలైంది.

కంచన్‌బాగ్‌లోని ఒక రక్షణ ల్యాబ్ నుంచి అరచేతిలో పట్టేంత అల్లాయ్ బిళ్ల మాయమైందని చీఫ్ రామ్‌చందర్ చెప్పారు. ఒక విదేశీ ముఠా దాన్ని సెకండ్‌హ్యాండ్ లగ్జరీ సెడాన్‌లో దాచి, పదకొండింటికి కార్వాన్‌లోని కార్ల యార్డు నుంచి ముంబై రేవుకు పంపబోతోంది. ఓడ ఎక్కిందంటే ఇక చేతికి రాదు. ఈ సమాచారం పంపింది స్రవ్య. ఆ యార్డులో ముఠా మనిషిగా కార్లు అమ్ముతున్న ఆమె నిజానికి మన డబుల్ ఏజెంట్.

స్క్రీన్ మీద నల్ల సెడాన్ ప్రత్యక్షమైంది. సింగిల్ ఓనర్, తిరిగింది తొమ్మిది వేల కిలోమీటర్లే. ట్విన్ టర్బో వీ8, ఐదు వందల అరవై హార్స్‌పవర్, మూడున్నర సెకన్లలో వంద స్పీడు. ఆ మోడల్ బ్రోషర్ కృపాకర్‌కు కంఠతా వచ్చు. అతని సొంత బండి మాత్రం పది కిక్కులు కొడితే గానీ లేవని స్కూటర్.

“కారు కొనే సేఠ్ వేషం దీక్షిత్‌ది. సూటు, గాగుల్స్. కృపాకర్, నువ్వు కార్లు కడిగేటోనివి. బకెట్ తీస్కో,” అన్నారు రామ్‌చందర్.

ఎప్పుడూ ఇంతే. గోవా మిషన్‌లో తోటి ఏజెంట్ దీక్షిత్ స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చుంటే, కృపాకర్ ఆ పూల్ కడిగాడు. పోయిన నెల ఒళ్లు మండి దీక్షిత్ మీద ఒక రిపోర్టు రాస్తే, అది తప్పని తేలింది. ఇంకోసారి ఈ కుళ్లు చూపిస్తే ఫీల్డ్ నుంచి తీసేసి రికార్డు రూములో పడేస్తానని చీఫ్ అప్పుడే తేల్చి చెప్పారు.

పదిన్నరకు కృపాకర్ పక్క కారుకు నురుగు రాస్తున్నాడు. దీక్షిత్ సెడాన్‌లో కూర్చోగానే తలుపు దానంతటదే మెత్తగా మూసుకుంది. కృపాకర్ నురుగు రాసిన చోటే మళ్లీ రాశాడు. దీక్షిత్ పక్కన స్రవ్య, ఆకుపచ్చ చీరలో, అతనేమన్నా పకపకా నవ్వుతోంది. కృపాకర్‌తో ఆమె ఇంతవరకు ఒక్క మాటే మాట్లాడింది, అద్దం సరిగ్గా తుడవమని.

దీక్షిత్ వాచీలోని స్కానర్‌తో సీట్లు, డ్యాష్‌బోర్డు, డిక్కీ అన్నీ వెతికాడు. డిక్కీలో స్టెపినీ దగ్గర స్కానర్ కూసింది. ఇనుప రిమ్ము కదా, కూయక ఏం చేస్తుందని వదిలేశాడు. తర్వాత గట్టిగా, “ఏసీ చల్లగ లేదు,” అన్నాడు. బండి ఖాళీ అని దాని అర్థం. సరుకు వేరే కారులో ఉంటుంది, వెనక్కి రండని చీఫ్ ఇయర్‌పీసులో చెప్పారు. ఈలోగా ముఠా పంపిన డ్రైవర్ మనీష్ వచ్చి తాళం తీసుకున్నాడు.

డిక్కీ మూత పడుతుంటే కృపాకర్ లోపలికి చూశాడు. కొత్త స్టెపినీ. ఆ మోడల్‌కు అసలు స్టెపినీయే ఉండదు. గాలి పోయినా ఎనభై కిలోమీటర్లు నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు దానివి. కానీ ముఠాతో చేతులు కలిపిన యార్డు ఓనరు అంజన్న ముప్పై ఏళ్లుగా అంబాసిడర్లూ మారుతీలూ అమ్మినవాడు. డిక్కీ ఎత్తి స్టెపినీ నొక్కి చూడనిదే అతని గిరాకీ ఎవడూ బేరానికి దిగడు. స్టెపినీ లేని కారు ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు. సరుకు అందులోనే పెట్టి బిగించాడు.

కృపాకర్ కాలర్ మైకులో సంగతి చెప్పాడు.

“మళ్లా జలసీయేనా? పోయినసారి గూడ గిట్లనే లొల్లి చేసినవ్,” అన్నారు చీఫ్.

నిజమే, జలసీయే. కుళ్లుకోకపోతే ఆ బ్రోషర్ అన్నిసార్లు చదివేవాడే కాదు.

“జలసీయే సార్. గానీ స్టెపినీ గూడ నిజమే.”

చీఫ్ కదలొద్దన్నారు. పదకొండుకు ఒక్క నిమిషం ఉంది. సెడాన్ గేటు వైపు కదిలింది. రోడ్డెక్కితే డిపార్ట్‌మెంటు జీపులేవీ దాన్ని అందుకోలేవు. ఎదురుగా మనిషి కనబడితే ఆ కారు తనంతట తానే బ్రేకు వేస్తుందని బ్రోషర్‌లో రాశారు. రాసినవాళ్లు అబద్ధం ఆడి ఉండరని నమ్మి, కృపాకర్ బకెట్‌తో సహా దాని ముందుకు నడిచి కళ్లు మూసుకున్నాడు. ప్రభువును కూడా తలచుకున్నాడు.

కారు అతని మోకాళ్లకు రెండు వేళ్ల దూరంలో ఆగింది. మనీష్ తేరుకునేలోపు స్రవ్య హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన పిస్టల్ అతని కణతకు ఆనింది. యార్డు వెనక గోడ దూకబోయిన అంజన్నను దీక్షిత్ పట్టుకున్నాడు. కృపాకర్ టైరు కోశాడు. బిళ్ల ఠంగుమని నేల మీద పడింది.

కారును ఆఫీసుకు తెమ్మని చీఫ్ ఆర్డరు వేశారు. నడపాల్సింది కృపాకరేనట. జన్మ ధన్యమైంది. స్టీరింగ్ ముందు కూర్చుని, పక్క సీటు దుమ్ము దులిపి, స్రవ్య కోసం చూశాడు.

“మస్తు ధైర్యం నీది, అన్నా,” అని మెచ్చుకుని, స్రవ్య వెళ్లి వెనక సీట్లో దీక్షిత్ పక్కన కూర్చుంది.

తగలకుండా ఆగిన బంపర్ కంటే ఆ ‘అన్నా’ అన్న మాటే గట్టిగా తగిలింది. వెనక నుంచి దీక్షిత్, అంజన్నతో పెనుగులాడి పట్టేసిన తన నడుము రుద్దుకుంటూ, ఈ సీటుకు మసాజ్ ఉందా అని అడిగాడు.

“లేదు,” అన్నాడు కృపాకర్.

ఉంది. ఐదు రకాలు.