ఆరు వారాల కిందటి ముద్దు

"ఎప్‌స్టీన్-బార్ వైరస్. నూటికి తొంభై మంది పెద్దవాళ్ల ఒంట్లో కిక్కురుమనకుండా పడి ఉంటుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కో, నరాల జబ్బుకో దారితీస్తుంది" అన్నాడు చీఫ్. "దానికి తొలి టీకా ఆ ల్యాబ్‌లో ఉంది. టీకా మొత్తానికి మూలమైన సీడ్ వయల్, చిన్న సీసా, ఒక్కటే. విదేశీ ముఠా కన్ను దానిమీదే. మీరిద్దరూ భార్యాభర్తలుగా, ట్రయల్ వాలంటీర్లుగా లోపలికెళ్లి దాన్ని కాపాడాలి."

ఆ వైరస్ ఎన్నడూ సోకనివాళ్లనే ట్రయల్‌లో తీసుకుంటారు. ఏజెంట్ డేగ రక్తం అలాంటిదే. జోడీగా వచ్చిన ఏజెంట్ మైనా రిపోర్టు కూడా నెగిటివే. రెండు నెలలు ఒకే క్వార్టర్లో ఉన్నారు. భర్త వేషం ఎప్పుడు నిజమైపోయిందో డేగకే తెలియదు. గూఢచారి ప్రేమలో పడితే మెదడు సెలవు పెడుతుంది. డేగది లాంగ్ లీవు.

టీకా ఇంకా వెయ్యకముందే అతనికి జ్వరం, గొంతునొప్పి, మెడకింద బిళ్లలు. వీళ్ల అసలు ఉద్యోగం తెలిసిన ల్యాబ్ డాక్టరమ్మ అతని పొట్ట నొక్కి చూసింది.

"నీకు వైరస్ అంటింది నాయనా. ఉమ్మితో అంటుతుంది. ఎవరి గ్లాసులోనైనా తాగావా?"

"మా శాఖలో ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకోం. విషం భయం."

"అయితే ఓ ఆరు వారాల కిందట ముద్దు?"

"మైనా... కానీ ఆమెది నెగిటివ్ కదా!"

"నిన్న నేనే ఆమె రక్తం తీశాను. ఇప్పుడే రిజల్టు వచ్చింది. ఏళ్లనాటి ఇన్ఫెక్షన్. మొదట ఇచ్చిన రక్తం ఆమెది కాదు. ఇంతకీ ఎక్కడుంది?"

డేగ తలుపు వైపు దూకాడు. వయల్ ఉన్న కోల్డ్ రూమ్ తలుపు కోడ్ పొద్దున మైనాకు తనే చెప్పాడు, ఆమె అడగకముందే.

"పరిగెత్తకు! ప్లీహం వాచింది, పగిలితే ప్రాణం మీదికొస్తుంది!"

నడిచాడు. కారిడార్ చివర తెల్లకోటు, నెరిసిన విగ్గు, చేతిలో ఐస్ బాక్స్. నడక మాత్రం మైనాదే. గేటు అవతల వ్యాను సిద్ధంగా ఉంది. ఇంకో మూడడుగులు. వైరస్ లీకైతే నొక్కే ఎర్ర బటన్‌ను డేగ అరచేత్తో గుద్దాడు. మైనా ముక్కుకు జానెడు దూరంలో స్టీలు తలుపు దబ్బున మూసుకుంది.

పిస్టల్ తీశాడు. ఆమెకు గురిపెట్టాడు.

"ఆ ముద్దు కూడా డ్యూటీయేనా?"

"మొదటిది డ్యూటీయే."

"మిగతావి?"

మైనా ఐస్ బాక్స్ నేలమీద పెట్టింది. ఇంత మోసపోయాక కూడా, 'మిగతావి నిజమే' అని ఆమె ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

వాచీ రేడియోలో చీఫ్ గొంతు. "వయల్?"

"భద్రం సార్. నాకే అంటుకుంది. ప్రాణం ఉన్నంతకాలం పోదట."

"వైరసా?"

"అదీ పోదు సార్."