ఉన్నావా, అక్కా?

ఆ ఊళ్ళో చలికాలం సాయంత్రం అనేదే ఉండదు. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడిగేలోపే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లోనే కోటు గుండీలు పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని, పరాయి దేశంలో ఇంటింటి తలుపూ తట్టి దేవుడి మాట చెప్పాలి. ఆ ఇద్దరమ్మాయిలూ చేసే సేవ అదే.

చిన్నదాన్ని అందరూ మొండి అంటారు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆమెతో ఒక్క రోజు తిరిగినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. వచ్చిన కొత్తల్లో భాష రాక, చలికి తట్టుకోలేక, దుప్పట్లో ముఖం పెట్టుకుని ఏడ్చేది. అప్పుడు తన దుప్పటి కూడా తెచ్చి కప్పి, వచ్చీరాని పాటలు పాడి నవ్వించింది అక్క. తోడబుట్టిన అక్కేం కాదు, సంఘం జతగా పంపిన మనిషి. కానీ అక్కడ మొండికి అయినవాళ్ళంటే ఆవిడొక్కతే.

తలుపులు మొహాన వేయించుకోవడంలో ఇద్దరూ ఆరితేరిపోయారు. అక్క తట్టడానికి ఒక పద్ధతుంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, ఇంకొకటి. ఆ మూడోది ఎందుకని అడిగితే, "మొదటి రెండూ వాళ్ళకి. మూడోది నా ధైర్యానికి" అనేది.

జత విడిపోకూడదన్నది సంఘం నియమం. వెలుతురులో ఒకరికొకరు కనబడాలి, చీకట్లో ఒకరికొకరు వినబడాలి. మెట్ల మీద దీపం పోతే ముందు నడిచే మనిషి "ఉన్నావా?" అనాలి, వెనక మనిషి "ఉన్నా" అనాలి. మొదట్లో నవ్వులాటగా ఉండేది. పోనుపోను అలవాటైపోయి, వెనక్కి తిరిగి చూడటమే మానేశారు.

ఆ రోజు వాళ్ళు వెళ్ళింది తమ గదికి ఎదురుగా, వీధి అవతలున్న పాత భవనానికి. లిఫ్టు పాడు. కాపలా ముసలాయన గుమ్మం దగ్గర రేడియో వింటూ కూర్చున్నాడు.

"ఐదో అంతస్తులో చివరి తలుపు మాత్రం తట్టకండమ్మా," అన్నాడు ఆ ఊరి భాషలో.

"ఎవరూ ఉండరా?" అంది మొండి.

"ఉండరు. తడితే మాత్రం తెరుచుకుంటుంది."

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ముసలాయన రేడియో తగ్గించాడు. "మీలాంటి పిల్లలే ఇద్దరు, వెనకటికి. ఇవే కోట్లు. ఇద్దరు ఎక్కారు, ఇద్దరూ దిగారు."

"మరింకేం?"

"దిగాక పైన చప్పుడు మొదలైంది. ఎవరో లోపలినుంచి తలుపు తడుతున్నట్టు... ఎన్నాళ్ళకో గానీ ఆగలేదు."

"ఆ ఒక్కటీ వదిలేద్దామే," అక్క గొణిగింది.

మొండికి ఒళ్ళు మండింది. వద్దన్న పని చేయకపోతే ఆమెకు అన్నం సహించదు. "తలుపంటూ ఉన్నాక తట్టాల్సిందే. ఇవాళ ఒక గడపకి జడిస్తే, రేపు ప్రతి గడపకీ ఒక దెయ్యం పుట్టుకొస్తుంది. నేనున్నాగా, నిన్ను వదిలేసి పోతానా?" అంటూ మెట్లెక్కేసింది. అక్క వెనకే వచ్చింది. ఆవిడ బూటు అడుగు సగం ఊడి, మెట్టు మెట్టుకీ టపటపా కొట్టుకుంటోంది.

ఐదో అంతస్తులో తడిసిన గోడల వాసన. ఆర్పేసిన కొవ్వొత్తి వాసన. నడవా చివర బల్బు మిణుకుమంటోంది. అక్క కళ్ళు మూసుకుని తట్టింది. రెండు దెబ్బలు, ఆగి, ఒకటి.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి మెత్తని గొంతు... తెలుగులో.

"ఒక్కరే రండి."

ఆ ఊళ్ళో వాళ్ళిద్దరు తప్ప తెలుగు వచ్చినవాళ్ళు లేరు. అయినా మొండి గుమ్మంలో కాళ్ళు పాతుకుని నిలబడింది. "వస్తే ఇద్దరం వస్తాం. లేకపోతే ఎవరం రాం. నువ్వెవరైనా సరే, మా జత విడదీయడం నీ తరం కాదు!"

లోపల ఎవరో చిన్నగా నవ్వారు.

బల్బు ఆరిపోయింది.

"పద అక్కా!" మొండి గోడ తడుముకుంటూ దిగడం మొదలెట్టింది. పైన ఎక్కడో తలుపు మెల్లగా మూసుకుంది.

"ఉన్నావా?"

"ఉన్నా."

ఇంకో మలుపు.

"ఉన్నావా?"

"ఉన్నా."

జవాబు త్వరగా వస్తోంది... మరీ త్వరగా. ఆఖరి మలుపులో మొండి ఇంకా నోరు తెరవనే లేదు.

"ఉన్నా."

కిందికి రాగానే ముసలాయన ఇద్దరినీ తేరిపార చూశాడు. తర్వాత మెట్ల పైకి చూశాడు.

"ఇద్దరేనా?"

"కనబడటం లేదా పెద్దాయనా? ఇద్దరం ఎక్కాం, ఇద్దరం దిగాం!" అంది మొండి విజయగర్వంతో. ఆయన రేడియో గొంతు బాగా పెంచి, తల దించుకున్నాడు.

గదికి చేరాక అక్క కాళ్ళు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళింది. మొండి గడియ పెట్టి, తన బూట్లు విప్పి వరసలో పెట్టబోయింది. పక్కనే అక్క బూట్లు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. దేనికీ అడుగు ఊడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. దిగేటప్పుడు ఒక్క మెట్టు మీద కూడా టపటపా చప్పుడు వినలేదు.

లోపల కుళాయి పారుతూనే ఉంది. "ఉన్నావా, అక్కా?" అంది మొండి.

"ఉన్నా."

అదే క్షణంలో బయట తలుపు చప్పుడైంది. రెండు దెబ్బలు... ఆగి... ఒకటి.

మొండి గడియ మీద చెయ్యి వేసింది. తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. తెరవకపోతే బయట నిలబడ్డది అక్కేనేమో. వదిలేసి పోనని మాటిచ్చి, పక్కనున్నదెవరో చూడకుండా వచ్చేసింది. ఆ తలంపుకు భయం కన్నా ముందు కోపమొచ్చింది, తన మీద తనకే. గడియ లాగి తలుపు బార్లా తీసింది.

ఎవరూ లేరు. గుమ్మంలో ఒంటి బూటు. అడుగు సగం ఊడి వేలాడుతోంది. చెయ్యి పెట్టి చూస్తే లోపల ఇంకా వెచ్చగా ఉంది.

వెనక కుళాయి ఆగింది.

"ఎవరొచ్చారే?" అక్క గొంతే. చాలా దగ్గరగా.

మొండి తిరిగి చూడలేదు. ఒక చేత్తో ఆ బూటు, ఇంకో చేత్తో గుమ్మం పక్క గూట్లోని టార్చి పట్టుకుని, వట్టి కాళ్ళతో మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. పాత భవనం ఐదో అంతస్తు నల్లగా ఉంది. ఆ నలుపుకేసి చూస్తూ గొంతు చించుకుని అరిచింది.

"అక్కా! ఉన్నావా?"

"ఉన్నా," అంది ఆ గొంతు వెనకనుంచి, చెవి పక్కనే.

"నిన్ను కాదు అడిగింది!"

కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే వీధి దాటింది. గుమ్మం దగ్గర రేడియో మోగుతోంది, ముసలాయన కుర్చీ ఖాళీగా ఉంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పైనెక్కడినుంచో, మూసిన తలుపు వెనకనుంచి, జవాబొచ్చింది.

రెండు దెబ్బలు.

మొండి మూడోదాని కోసం ఎదురుచూసింది.

అది ఆమె వెనక, వీధి తలుపు మీద పడింది.