పడక్కుర్చీకి కట్టిన తాడు

తాడు సంచీ విప్పితే అందులోంచి దిండు వచ్చింది.

దిండు వెనకాల దుప్పటి వచ్చింది. దుప్పటి వెనకాల ఒక ఉన్ని టోపీ కూడా వచ్చింది. తాడు మాత్రం రాలేదు.

ఎదురుగా నిట్టనిలువు కొండ. తెల్లారకముందే బయల్దేరి, వానలో, గతుకుల్లో నడుములు విరగ్గొట్టుకుని వచ్చింది దీన్ని ఎక్కడానికే.

"సర్దింది నువ్వే కదా?" అన్నాడు డాక్టర్.

"వ్యాన్‌లో పెట్టింది నువ్వే కదా? దిండుకీ తాడుకీ తేడా తెలియలేదా?" అందామె.

"బరువుగానే ఉంది మరి!"

"పేషెంట్లకీ ఇంతేనా? ఏదో ఒక పన్ను చేతికి తగిలితే చాలు, పీకేయడమేనా?"

"నీకు తప్పులు తప్ప ఇంకేమీ కనపడవు."

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. నిజమే మరి. అతను పళ్ల డాక్టర్, ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. ఊళ్లోని క్లైంబింగ్ జిమ్‌లో ఒకరు ఎక్కుతుంటే మరొకరు కింద తాడు పట్టే జోడీ వాళ్లది.

ఈ ట్రిప్‌లో ఎలాగైనా అతనికి మనసులో మాట చెప్పేయాలని ఆమె ఒట్టు పెట్టుకుని వచ్చింది. కాదంటే? ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ కాదన్నవాడు ముఖం చాటేస్తే తాడెవరు పడతారు? ప్రేమించేవాడు ఇంకెక్కడైనా దొరుకుతాడు. ఫోన్ చూడకుండా, ఆవలించకుండా, కింద నిలబడి తాడు పట్టేవాడు దొరకడం మాటలా?

"ఏమైందర్రా?" అంటూ వచ్చాడు ఆమె బాబాయి.

వ్యాన్ ఆయనది. "నా వ్యాన్ ఎక్కడుంటే నేనక్కడ" అని స్టీరింగ్ వదలకుండా కూడా వచ్చేశాడు. ఫర్నిచర్ షాపు నడిపి రిటైరైన మనిషి. కొండ దగ్గర రాళ్లు పడతాయని పొద్దున హెల్మెట్ ఇస్తే, అప్పుడే పెట్టుకుని ఇంతవరకూ తీయలేదు.

"బాబాయ్, ఈ దిండు మీదా?"

"నాదే అమ్మడూ. సంచీ మెత్తగా బాగుంది కదాని..."

"మరి అందులో ఉన్న తాడు?"

"పారేస్తానా ఏంటి? పడక్కుర్చీ కట్టా."

ఇద్దరూ తలెత్తి చూశారు. వ్యాన్ టాప్ మీద బాబాయి పడక్కుర్చీ. దాని చుట్టూ అడ్డంగా, నిలువుగా, ఐమూలగా, వానకి నానిన తాడు.

ఇప్పుడు ఎవరో ఒకరు సారీ చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. మాటలు బంద్.

బాబాయి ముడి వేస్తే బీరువాకైనా ఊపిరాడదు. డాక్టర్ వ్యాన్ ఎక్కి, జ్ఞానదంతం పీకేంత ఓపికతో ఒక్కో ముడీ విప్పాడు. వాన వెలిశాక తాడుని ఎండెక్కిన బండల మీద ఆరబెట్టి, ఎక్కడైనా దెబ్బతిందేమోనని ఈ కొస నుంచి ఆమె, ఆ కొస నుంచి అతను తడుముకుంటూ వచ్చారు. మధ్యలో చేతులు తగిలాయి. వేడి పెనం తాకినట్టు ఇద్దరూ వెనక్కి లాక్కున్నారు.

తర్వాత అతను వెనక కాలిబాట మీదుగా కొండ కొమ్ముకి వెళ్లి, తాడుని అక్కడి కొక్కేలకి తగిలించి వచ్చాడు.

క్లైంబింగ్‌లో ఒక రూలుంది. ఎక్కేముందు ఒకరి ముడి ఒకరు చూడాలి, నోరు విప్పి సరే అనాలి. అలకలకి మినహాయింపు లేదు.

అతను మొహం కొండకేసి తిప్పుకుని, ఆమె నడుం దగ్గరి ముడి లాగి చూశాడు.

"ముడి ఓకే."

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఎక్కుతున్నా."

"ఎక్కు."

"నయం," అన్నాడు పడక్కుర్చీలోంచి బాబాయి. "మీ పిన్ని అలిగితే ఈ మాత్రం మాటలు కూడా ఉండవు."

సగం దూరం బాగానే ఎక్కింది. అక్కడ కుడికాలు కుట్టుమిషన్‌లా టకటకలాడటం మొదలుపెట్టింది.

"డాక్టర్..."

"ఆఁ."

"కాలు ఆగట్లేదు. పడిపోతా."

"పడవు. నేనున్నాగా. నోరు తెరిచి గాలి పీల్చు. ఇంకొంచెం పెద్దగా... గుడ్. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే. ఎడమ చెయ్యి పైకి. వెరీ గుడ్. అయిపోయింది, అయిపోయింది..."

"నేను నీ పేషెంట్‌ని కాదు!"

"పేషెంట్లు ఇంత అరవరులే."

ఆమెకి నవ్వొచ్చేసింది. ఆ నవ్వులో కాలు వణకడం మరిచిపోయింది. కాసేపటికి కొమ్ము చేతికందింది.

అతను మెల్లగా కిందికి దించుతున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేననిపించింది ఆమెకి.

"ఓ మాట చెప్తా. నీకు నచ్చకపోయినా తాడు మాత్రం వదలకూడదు. ఇవాళే కాదు, ఎప్పుడూ."

"ఏంటది?"

"నువ్వంటే నాకిష్టం."

తాడు ఆగిపోయింది.

కొండ అక్కడ లోపలికి పోవడంతో ఆమె కాళ్లకి ఆసరా లేదు. కాటాకి తగిలించిన బస్తాలా గాల్లో గుండ్రంగా తిరగసాగింది. కొండ. ఆకాశం. బాబాయి హెల్మెట్. మళ్లీ కొండ. అతని ముఖం కనిపించేలోపే పక్కకి తిరిగిపోతోంది.

"డాక్టర్, ఏదో ఒకటి అనవోయ్!"

ఇంకో చుట్టు తిరిగింది.

"పోనీ, దించన్నా దించు!"

"దించవయ్యా బాబూ," అన్నాడు బాబాయి. "పిల్లకి కళ్లు తిరుగుతున్నాయి. ఆ జవాబేదో నేల మీద కూడా చెప్పొచ్చు."

దించాడు. "ఇక నా వంతు" అని మాత్రం గొణిగి, తాడు కొస తీసుకుని నడుముకి కట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆమెకి అర్థమైపోయింది. ఖేల్ ఖతం. రేపట్నించి ఎవడో ఆవలించేవాడి చేతిలో తన ప్రాణం.

ఏడుపు వస్తున్నా రూలు రూలే. వంగి అతని ముడి చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

ముడి సగమే ఉంది. కొస లోపలికైతే దూరింది కానీ, ఆపైన ఎటు పోవాలో తెలియక వచ్చిన దారినే బయటికొచ్చేసింది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ముడి తప్పని మనిషి! చిగుళ్లలో సూది గుచ్చేటప్పుడు కూడా వణకని ఆ వేళ్లు ఇప్పుడు కుట్టుమిషన్‌లా ఆడుతున్నాయి.

"ముడి తప్పు," అంది.

"తెలుసు."

"ఎందుకు?"

"చేతులు ఆగట్లేదు. నువ్వు జిమ్‌లో చేరిన రోజు నుంచీ లోపల ఇదే వరస. బయటపడటం ఇవాళే."

ఎన్ని తప్పులు పట్టుకుందో లెక్కలేని ఆ పిల్లకి, ఇంత ముద్దొచ్చే తప్పు ఇంతవరకూ తగల్లేదు. ముడి విప్పి, మొదట్నించీ తనే కట్టింది. కావలసిన దానికంటే చాలా తీరిగ్గా.

"పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నా."

"వదలవుగా?"

రూల్స్‌లో ఆ ప్రశ్న లేదు. "నోరు మూసుకుని ఎక్కు," అంది, చెవుల దాకా నవ్వుతూ.

"అల్లుడూ!" పడక్కుర్చీలోంచి కేకేశాడు బాబాయి. "త్వరగా ఎక్కి దిగవయ్యా. వెళ్లేటప్పుడు కుర్చీకి ఆ తాడు కావాలి."